కొండ తన మాట మానుకున్న కథ

ఒకప్పుడు కొండలకు మాటలు వచ్చేవి. అయితే ఏ కొండకైనా తానున్న చోటి భాష తప్ప మరొకటి వచ్చేది కాదు.

చైనా దేశంలో, ఒక కనుమ దారి పక్కన పెద్దకొండ ఒకటి ఉండేది. పొగమంచు కమ్మినప్పుడు అది "షాన్, షాన్" అని కేక వేసేది. అక్కడివారి భాషలో కొండ అని దాని అర్థం. కేక వినబడిన వైపు కొండ, రెండో వైపు లోయ. అది తెలిసినవారు క్షేమంగా కనుమ దాటేవారు.

కనుమ దిగువన షూలాన్ అనే ఆమె ఉండేది. తాబేటి చిప్పల మీద బొమ్మలు చెక్కడం ఆమె పని. వానలు ఎప్పుడు పడతాయని రాజుగారు అడిగితే, ఆ ప్రశ్నను ఆమె బొమ్మలుగా చెక్కేది. పెద్దలు ఆ చిప్పను నిప్పుకు కాచి, పడిన పగుళ్లను బట్టి జవాబు చెప్పేవారు. గుర్రాన్ని చెక్కితే జూలులో ఒక్క వెంట్రుకనైనా ఆమె వదిలేది కాదు.

ఆమె భర్త హయాతె సముద్రం అవతలి దీవుల నుంచి వచ్చినవాడు. ఇక్కడి భాష అతనికి ఇంకా పట్టుబడలేదు. కిందటి చలికాలంలో, పొగమంచులో ఒంటరిగా వస్తూ, ఆ పెద్ద కేకకు బెదిరి ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనుక లోయ ఉంది.

ఏడాది తిరిగేసరికి పడవవాళ్లు ఒక కబురు తెచ్చారు. అన్న సమాధి చూడడానికి హయాతె చెల్లెలు నగిసా వస్తోంది. వచ్చేది ఈ దారినే, ఈ పొగమంచు రోజుల్లోనే. ఆమెకు ఇక్కడి మాట ఒక్కటీ రాదు.

షూలాన్ కొండ దగ్గరకు వెళ్లింది.

"నేను అరిచాను," అంది కొండ, ఆమె ఏమీ అడగకముందే. "మూడుసార్లు అరిచాను, షూలాన్."

"అరిచావు, కొండయ్యా. నీ భాషలో అరిచావు."

కొండ మీది నుంచి ఒక గులకరాయి దొర్లిపడింది.

"నీ బొమ్మ చెక్కి, దారి పొడుగునా నీ వైపున వేలాడదీస్తాను," అంది షూలాన్. "బొమ్మ ఏ భాషవాళ్లకైనా తెలుస్తుంది."

"అలాగే. నా దేవదారు చెట్లు మాత్రం మరిచిపోకు."

ఆమె దేన్నీ మరిచిపోలేదు. చెట్లు, జలపాతం, గుహ, గుహ ముందు మేకలు. ఒక్క చిప్పకే మూడు రోజులు పట్టింది. దాన్ని ఉప్పు మూటలు మోసే గావో తాత చేతిలో పెట్టింది.

"కళ్లు మూసుకుని చెప్పు, తాతా. మంచులో కళ్లు పనిచేయవు. వేళ్లకే తెలియాలి."

గావో బొటనవేలితో తడిమాడు. "దువ్వెనా?"

"కాదు."

"మాడిన రొట్టె."

"కొండ, తాతా."

"అయితే నీ కొండకు గజ్జి పట్టింది, తల్లీ. ఎక్కడ తాకినా గరుకే."

షూలాన్ ఆ చిప్పను పక్కన పెట్టి, మరొకటి తీసుకుంది. ఏదీ వదలకపోవడమే తన పనితనమని ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు ఒక్కొక్కటే వదలడం మొదలుపెట్టింది.

"చెట్లేవి?" అంది కొండ.

"తీసేశాను."

"పోనీ, జలపాతమైనా ఉంచు. అందరూ దాన్ని చూడడానికే వస్తారు."

"మంచులో నడిచే మనిషికి జలపాతంతో పని లేదు."

"మేకలు?"

"మేకలూ పోయాయి."

"మరి నాలో ఏం మిగిలింది?"

"మూడు శిఖరాలు, కింద నేల. నడిమి శిఖరం కాస్త ఎత్తు."

గావో ఈసారి వేలు పెట్టీ పెట్టగానే, "కొండ" అన్నాడు. "ఇంత తేలికైనదానికా ఇన్నాళ్లు పట్టింది?"

షూలాన్ నలభై చిప్పలు చెక్కి, దారి పొడుగునా కొండ వైపున వేలాడదీసింది. తరువాత దిగువన నిలబడి ఎదురుచూసింది. ఒకనాటి ఉదయం మంచు దట్టంగా దిగింది.

"వచ్చింది," అంది కొండ మెల్లగా. "ఒక్కతే నడుస్తోంది. పిలవనా?"

"వద్దు. బెదిరిపోతుంది."

"అంచుకు దగ్గరగా ఉంది, షూలాన్."

"వద్దు, కొండయ్యా."

కొండ ఊపిరి బిగబట్టింది. నగిసా చేతికి ఒక చిప్ప తగిలింది. ఆమె వేళ్లు మూడు గీతల మీద ఆగాయి.

"యామా?" అంది పైనుంచి ఒక సన్నని గొంతు.

"అది నా మాట కాదు," అని కొండ గుసగుసలాడింది. "దిద్దనా?"

"అక్కర్లేదు. హయాతె కూడా నిన్ను అలాగే అనేవాడు."

కొండ తటపటాయించింది. తరువాత, తాను ఎన్నడూ పలకని ఆ మాటను, నగిసా గొంతంత సన్నగా పలికింది. "యామా."

నగిసా తన ఊరి మాట విని ధైర్యం తెచ్చుకుంది. ప్రతి చిప్ప దగ్గరా ఆమె ఆ మాట అంది. ప్రతిసారీ కొండ బదులు పలికింది. చివరికి తడిసి చల్లబడిన చెయ్యి ఒకటి మంచులోంచి వచ్చి షూలాన్ చేతిని పట్టుకుంది. వదినా ఆడపడుచులకు ఒకరి మాట ఒకరికి రాదు. నగిసా వదిన అరచేతిలో వేలితో మూడు శిఖరాలు గీసింది.

అప్పటినుంచే రాతలో కొండ అనే మాటకు గుర్తుగా మూడు శిఖరాలు మిగిలాయి. దాన్ని చూసి చైనావారు షాన్ అంటారు, కొరియావారు సాన్ అంటారు. జపాన్‌వారు యామా అంటారు, కొండ పేరు చివర చేర్చినప్పుడు సాన్ అని కూడా అంటారు. ఆ గుర్తు పక్కన పైకి, కిందికి అనే గుర్తులు చేర్చి, కనుమ అనే మాటను రాసుకున్నదీ వారే. అప్పటినుంచే కొండ తానుగా ఎవరినీ పిలవదు. మనం ఏ భాషలో పిలిస్తే, ఆ భాషలోనే, మన గొంతుతోనే బదులు పలుకుతుంది.