లీటరుకి పాతిక

కొండ్రపాడు సర్పంచి వీరభద్రయ్య చిన్న కారు కొన్నాడు. లీటరుకి పాతిక కిలోమీటర్ల మైలేజీ అని కంపెనీవాళ్లు అచ్చేసిచ్చారు. వచ్చేది మాత్రం పదమూడే. ఆయన టీకొట్టు ముందు డ్రైవరు సైదుల్ని నిలబెట్టి విరుచుకుపడ్డాడు.

"మిగతా పెట్రోలు నువ్వే మింగుతున్నావురా దొంగ వెధవా! రేపు పాతిక చూపించు, లేకపోతే స్టేషనుకి నడువు!"

"చూపిస్తానండి. కంపెనీవాళ్లు నడిపినట్టే నడుపుతా," అన్నాడు సైదులు.

మర్నాడు ఊరంతా చూస్తుండగా మెకానిక్ ట్యాంకు ఖాళీ చేసి, సరిగ్గా లీటరు కొలిచి పోశాడు. సర్పంచి ఎప్పట్లాగే ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక నలుగురు అనుచరులు, డిక్కీలో బియ్యం బస్తాలు.

"కంపెనీవాళ్లు బస్తాలు వెయ్యలేదండి," అని సైదులు వాటిని దింపించాడు. ఏసీ కట్టేశాడు. అనుచరుల్నీ దిగమన్నాడు. తర్వాత చేతులు కట్టుకుని, "అయ్యగారూ, కంపెనీవాళ్లు నడిపిన కారులో తమరు కూడా లేరండి," అన్నాడు.

ఊరు గొల్లున నవ్వింది. సర్పంచి దిగక తప్పలేదు.

మెకానిక్ సాక్షిగా మోటారు సైకిలు మీద వెంట వెళ్లాడు. నిదానంగా సాగిన కారు ఇరవై నాలుగు కిలోమీటర్లు తిరిగొచ్చి పొలిమేరలో ఆగింది. మిగతా కిలోమీటరూ జనం ఈలలేస్తూ దాన్ని టీకొట్టు దాకా తోసుకొచ్చారు.

"మింగేదెవరో తేలిందండి," అన్నాడు సైదులు. "పాతిక కావాలంటే తమరు నడిచి రండి. తమరు ఎక్కాలంటే పదమూడుకి ఒప్పుకోండి."

సర్పంచి మండుతున్న ఎండకేసి చూసి, మెల్లగా కారెక్కాడు.

"పదమూడే మంచిది నాయనా! పెట్రోలు పోయించి, ముందా ఏసీ వెయ్యి."