దూదయ్య కిడ్నీలు, నక్క వైద్యం

జొన్నచేను గట్టు మీది తుమ్మపొదలో దూదయ్య అనే ముసలి కుందేలు ఉండేవాడు. వయసు మీద పడి అతని కిడ్నీలు దెబ్బతిన్నాయి. గడ్డి కోసం కంటే నీళ్ల కోసమే ఎక్కువ తిరిగేవాడు, తాగిన నీళ్లు దింపుకోవడానికి అంతకంటే ఎక్కువ తిరిగేవాడు. అయినా పరుగు మాత్రం తగ్గలేదు. వాగు ఒడ్డు నక్కకు ఇన్నేళ్లుగా అతను అందనిది ఆ పరుగు వల్లే.

ఈసారి నక్క తరుముకుంటూ రాలేదు. మెడలో తిప్పతీగ చుట్టుకొని వైద్యుడిలా నడుచుకుంటూ వచ్చింది. దూరంగా కూర్చొని నాలుక చాపించి చూసి, కిడ్నీలు పాడైతే పొట్టలోని సూక్ష్మజీవులు కూడా చెడతాయనీ, ఒంట్లోకి విషం వదులుతాయనీ చెప్పింది. అందులో కొంత నిజం లేకపోలేదు. దూదయ్య నమ్మేశాడు.

కుందేళ్లు గట్టి పెంటికలే కాక కొన్ని మెత్తటి ఉండలు కూడా వేసి, వాటిని అక్కడికక్కడే తినేస్తాయి. నక్క సరిగ్గా అక్కడే పట్టుకుంది.

"తమరు పెద్దమనిషి కదండీ. తమ పెంటికలు తామే తింటున్నారని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారు? పైగా విషమంతా వాటిలోనే ఉంది. మానేయండి."

దూదయ్య సిగ్గుతో చచ్చిపోయి ఆ రోజే మానేశాడు. మనవరాళ్లకు కూడా శుభ్రత గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. వాళ్లు బుద్ధిగా విని, పొద చాటుకెళ్లి తమ పని తాము కానిచ్చారు.

కొన్నాళ్లకు దూదయ్యకు నోరు పూసింది, బొచ్చు రాలింది, కాళ్లు తేలిపోయాయి. నక్క వచ్చి విషం దిగిపోతోందని మెచ్చుకుంటూ ఇంకా పరుగు మిగిలిందేమోనని దూరం నుంచే తొడల వంక చూసి వెళ్లేది.

ఒకనాడు నీళ్లతొట్టి దగ్గర కాటుక అనే గేదె అతని వాలకం చూసి, ఈమధ్య ఏం తినడం మానేశావని అడిగింది. దూదయ్య చాలాసేపు నసిగి, చివరికి చెవిలో చెప్పాడు. కాటుక నెమరు ఆపేసింది.

"అన్నా, నా పొట్టలోనూ విటమిన్లు తయారుచేసేది ఆ సూక్ష్మజీవులే. నీకు ఆ విటమిన్లు దక్కేది ఆ మెత్తటి ఉండల్లోనే. కిడ్నీల జబ్బుతో ముందే తగ్గిపోయి ఉంటాయి, మిగిలినవీ నువ్వే పారేసుకున్నావు. అది సరే, ఆ వైద్యుడు ఏం తింటాడు?"

నక్క చూపు తన తొడల మీదే ఎందుకు ఉండేదో దూదయ్యకు అప్పుడు అర్థమైంది.

సిగ్గు పక్కన పెట్టి పాత అలవాటు మొదలుపెట్టాడు. మెల్లగా కాళ్లలోకి సత్తువ వచ్చింది. నక్క వచ్చే వేళకు మాత్రం కాటుక కొట్టంలో దాని వెనకాలే కాళ్లు చాపి పడుకొని మూలిగేవాడు. ఇక ఇతను లేవలేడని నక్క నిర్ధారణకొచ్చి, నాడి చూస్తానని దగ్గరికి జరిగి, ఒక్కసారిగా మీదికి దూకింది. దూదయ్య అంతకు ముందే బయటికి గెంతాడు. నక్క నేరుగా కాటుక వెనక కాళ్ల మధ్యకు పోయింది. కాటుక తన్నిన తన్నుకు ఎగిరి పేడగుంటలో పడింది. వాగు దాకా ఈగలే దాన్ని సాగనంపాయి.

దూదయ్య కిడ్నీలు బాగుపడలేదు. కానీ జొన్న కోతలయ్యాక కూడా గట్టు మీద కనిపిస్తూనే ఉన్నాడు, నక్కే ఆ వైపు రావడం మానేసింది.

నీతి: సలహా వినేముందు, ఇచ్చేవాడి ఆకలి దేని మీదో కనుక్కోవాలి.