వాలుగీతలు

చిన్నప్పుడు మందాకిని రాజమండ్రిలో కోదండపాణి మాస్టారి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకుంది. పెద్దయ్యాక వ్యాపారంలో బాగా సంపాదించింది. తమ్ముడు విరించికి ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి మాట పడిపోయాక, ఆ సంపాదనలో చాలా భాగం మెదడు మీద పరిశోధనలకే ఇచ్చేసింది. గోదావరి ఒడ్డున ఒక కేంద్రం వెలిసింది. రోగులు బొమ్మలు వేసుకోవడానికి అందులో ఒక గది కూడా కట్టించింది.

ఒకరోజు మాస్టారిని ఆ గదికి తీసుకొచ్చింది.

"దీన్ని మూసేద్దామనుకుంటున్నాను మాస్టారూ. బొమ్మ కూడా మందేనని మీరే అనేవారు. మా విరించి చూస్తే ఏడాదిగా వాలుగీతలు తప్ప ఏమీ గీయడు. ఇక్కడ పెట్టే డబ్బు కూడా పరిశోధనకే ఇస్తే రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది."

మాస్టారు గదంతా ఒకసారి చూశారు.

కిటికీ పక్కన బల్ల దగ్గర విరించి నీలిరంగుతో గీస్తున్నాడు. మందాకిని వెళ్ళి అతని వేళ్ళు సర్దింది.

"కుంచె అలా కాదురా, ఇలా పట్టుకో. ఏంటది, వానా? ఏదీ, అను... వాన."

కుంచె ఆగిపోయింది.

మాస్టారు కుర్చీ లాక్కుని విరించి పక్కన కూర్చున్నారు. ఏమీ అడగలేదు. ఇంకో కుంచె తీసుకుని, అదే కాగితం మీద ఓ మూల తనూ గీతలు గీయడం మొదలుపెట్టారు.

కాసేపటికి విరించి మళ్ళీ రంగులో కుంచె ముంచాడు. ఇద్దరూ గీస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి అతను మాస్టారి గీతలు చూసి మొహం చిట్లించాడు. ఆయన మణికట్టు పట్టుకుని, కుంచె కొంచెం వాల్చి, ఒక గీత గీయించాడు.

"ఇలాగా?" అన్నారు మాస్టారు.

విరించి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ గీయించాడు. ఈసారి నచ్చినట్టుంది, నవ్వాడు.

మందాకిని వంగి ఆ గీత చూసింది. "దెబ్బ తగిలాక వాడు ఎవరికీ ఏదీ చెప్పలేదు మాస్టారూ. మీరేం చేశారు?"

"తప్పు గీశాను."

"మీరా?"

"వాణ్ణి దిద్దేవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదమ్మా. వాడు దిద్దడానికి ఒక్కరూ లేరు."

ఆయన లేచి కుర్చీ ఖాళీ చేశారు.

మందాకిని కూర్చుంది. నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగేసి, కుంచె అందుకుంది.

అక్క గీసిన మొదటి గీత చూసి విరించి మొహం చిట్లించాడు.