వీపుల హాలు

పాతబజారులో బస్సు దిగి గాజుల కొట్ల వరస దాటితే, ఎడంచేతి వైపు నీలం రంగు గేటు ఒకటి కనపడిద్ది. పైన బోర్డు మీద శ్రీ సరస్వతీ కళామందిరం అని ఇంత పొడుగు పేరు రాసుంటది. ఆ పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలవదు. వీపుల హాలు అనండి, ఆటో అబ్బాయి "ఎక్కండి బాబాయ్" అంటాడు. మా ఊళ్ళో నాటకమైనా అక్కడే, పాటకచేరీ అయినా అక్కడే, బుర్రకథైనా అక్కడే.

కొత్తగా వచ్చినోళ్ళు గాభరా పడతారు. తెర లేచిద్ది. పాడేవాళ్ళు జనానికి దణ్ణం పెట్టి, గిర్రున తిరిగి వీపు పెడతారు. స్టేజీ వెనక గోడకి రెండు రెక్కల తలుపుంది, అది బార్లా తీసి ఉంటది. ఆ తలుపు కేసి చూస్తా మొదటి పద్యం పాడతారు. పాడటం అయినాక అవతల సందులోంచి "మళ్ళీ!" అని ఒక కేక వచ్చిద్ది. అప్పుడు రెండోసారి పాడి, ఇటు తిరుగుతారు. ఈలోపల జనంలో ఎవరూ వన్స్ మోర్ అనగూడదు. ఎంత బాగున్నా సరే, నోరు మూసుకుని కూచోవాల్సిందే.

ఆ తలుపు పక్కన గోడకి ఇనప కొక్కెం ఒకటి వేలాడతా ఉంటది, పసుపూ కుంకం పెట్టి. బస్తాలు లాగే కొక్కెం. పెద్ద పెద్ద పాటగాళ్ళు కూడా దాన్ని కళ్ళకద్దుకునే స్టేజీ ఎక్కుతారు. ఇదంతా ఏందని అడుగుతారు గదా. చెబుతా వినండి.

పూర్వం ఇక్కడ హాలూ లేదు, పాటా లేదు. మిరపకాయల గోడౌను ఉండేది. షావుకారు వీరరాఘవయ్యగారిది. ఆయనకి పద్యనాటకం అంటే పిచ్చి. ఆయన కల్లో సరస్వతీదేవి కనపడి, "ఒరే, కాయలకి కప్పేశావు, నా వీణకి కప్పేదిరా" అని అడిగిందని హాలువాళ్ళు అచ్చేసిన కాగితంలో ఉంటది. వాళ్ళావిడ సుబ్బరత్తమ్మగారు మటుకు వేరే చెప్పేది. "కలా పాడా! ఎక్కడ నాటకమైనా పోయి మంచులో కూచుని దగ్గుకుంటా కొంపకి వస్తన్నాడు. ఒక కప్పు కట్టించుకుని ఆ కింద చూసి చావు అన్నది నేను. పేరేమో ఆ అమ్మకి పోయింది" అనేది. ఏదైతేనేం, షావుకారు గోడౌను ఖాళీ చేయించి, చెక్కలు పరిచి స్టేజీ కట్టించాడు.

అక్కడ బస్తాలు మోసే పిచ్చయ్య అని ఒకడుండేవాడు. పాతికేళ్ళవాడు. భుజాలు ఎంత గట్టివో నోరంత మెత్తన. పదిమందిలో పేరడిగినా చెప్పలేక నేల చూసేవాడు. బస్తాలు పోయినాయి గదా, షావుకారు వాణ్ణి తెర తాడు దగ్గర పెట్టాడు. హాలు వెనక సందులో వసారా ఒకటుంది. అక్కడ ముప్పై మంది ఆడవాళ్ళు కూచుని మిరపకాయలకి తొడిమలు తీసేవాళ్ళు. అందులో ముత్యాలు అనే పిల్లకి ఇరవై ఏళ్ళుంటయ్యి. నోరు చూస్తే ఊరంత. పిచ్చయ్య కనపడితే చాలు, "ఏమయ్యో తాడాయనా, బస్తా నయమా, తెర నయమా?" అని ఎగతాళి చేసేది. వాడు చెవులు ఎర్రబడి అక్కణ్ణించి తప్పుకునేవాడు.

హాలైతే లేచింది గాని పాట లేవలా. లోపలికి పోతే కళ్ళ నీళ్ళు. షావుకారు మూడుసార్లు సున్నం కొట్టించాడు, బిందెల కొద్దీ నీళ్ళతో కడిగించాడు, సాంబ్రాణి పొగ వేయించాడు. ఘాటు పోలా. మొదటి నాటకంలో రాజు వేషమాయన ఒక్క తుమ్ము తుమ్మితే మీసం ఎగిరి హార్మోనియం మీద పడింది. జనం వారం రోజులు నవ్వుకున్నారు. రెండో నాటకంలో పాడేవాడు దగ్గి దగ్గి, చెయ్యెత్తి దణ్ణం పెట్టి దిగిపోయాడు. షావుకారు తమ్ముళ్ళకి ముందునుంచీ ఈ పని ఇష్టం లేదు. "అన్నయ్యా, ఇంకొక్కటి చూస్తాం. అదీ తుమ్ముల్లో పోతే సోమవారానికి స్టేజీ పీకించి బస్తాలేయిస్తాం" అన్నారు.

మూడోదానికి షావుకారు సాంబమూర్తిగారిని పిలిపించాడు. ఎక్కడ పాడినా జనం ఇరగబడేవాళ్ళు. ఇంక ఏం చేస్తే ఘాటు పోయిద్దా అని షావుకారు తల బద్దలుకొట్టుకుని, వెనక వసారాలో కాయలవల్లేనని తేల్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆడవాళ్ళని పని ఆపమన్నాడు. పిచ్చయ్య చేతికి సుత్తి ఇచ్చి, "వెనక తలుపుకి మేకులు కొట్టెయ్యి" అన్నాడు.

ఆడవాళ్ళు ఊరుకుంటారా. ముత్యాలు ముందుకొచ్చింది.

"ఏందయ్యా షావుకారూ, తలుపుకి మేకులు? లోపల పులిని గాని కట్టేశావా?"

"మీ ఘాటే తల్లీ నా ప్రాణానికొచ్చింది. ఈ ఒక్కపూటకి మీకు దణ్ణం పెడతా."

"ఘాటు మా చేతుల్లో లేదు, నీ గోడల్లో ఉంది. నలభై ఏళ్ళ కారం తాగిన గోడలు. ఆ తలుపులోంచి గాలి వచ్చి ముందువైపు పోతేనే మేం ఇన్నాళ్ళూ బతికింది. నాటకమప్పుడల్లా అది మూస్తన్నారు, ఇంక ఘాటు ఎటు పోవాలి?"

"తొడిమలు తుంచేదానివి, నువ్వు చెబుతావా నాకు గాలి సంగతి?"

"మేం కాకపోతే ఇంకెవరు చెబుతారయ్యా!"

ఆ పిల్ల చెప్పింది నిజమని పిచ్చయ్యకి తెలుసు. వాడు ఎనిమిదేళ్ళు ఆ గోడౌనులో బస్తాలు మోసినోడు, ఏ మూల ఊపిరాడిద్దో ఏ మూల ఆడదో వాడికి తెలవకపోతే ఎవరికి తెలుసు. ఒక్క మాట అంటే చాలు. కానీ షావుకారు ఎదురుగా నోరు పెగల్లేదు. తలొంచుకుని ఆరు మేకులు కొట్టాడు.

"కొట్టు తాడాయనా, గట్టిగా కొట్టు" అంది ముత్యాలు. ఆ మాట ఎగతాళిగా అనలేదు. అందుకే వాడికి ఎక్కువ తగిలింది.

పొద్దు గూకింది. హాలు నిండిపోయింది. అంతమంది ఊపిరి వేడికి గోడల్లో ఉన్న కారమంతా మేలుకుంది. పిచ్చయ్య తాడు లాగాడు, తెర లేచింది. సాంబమూర్తిగారు నోరు తెరిచి ఒక్క పాదం పాడాడో లేదో, గొంతు జీరబోయింది. దగ్గు. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ దగ్గు. జనంలో తుమ్ములు, వెనక బెంచీల్లో ఈలలు. ముందు వరసలో తమ్ముళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటన్నారు.

అప్పుడు స్టేజీ వెనక కిర్రుమని చప్పుడైంది. ఒకటి, రెండు, మూడు. ఆరో మేకు ఊడి చెక్కల మీద పడి దొర్లింది. తలుపులు తెరుచుకున్నయ్యి. గుమ్మంలో ముత్యాలు. మోచేతుల దాకా కారం, ముక్కుకి పైటచెంగు, చేతిలో బస్తాల కొక్కెం. వెనకమాల ముప్పై మంది ఆడవాళ్ళు. వాళ్ళతోపాటు సందులోంచి చల్లగాలి రివ్వున లోపలికొచ్చింది.

"అయ్యగారూ! ఇటు తిరగండి" అంది. "మేం తొడిమ తీసేటప్పుడు గాలికి వీపిస్తాం. ఊపిరాడకపోతే గాలికి మొహమిస్తాం. అంతే గదా. తిరగండయ్యా!"

తిరగటం అంటే మాటలా? చచ్చిపోయే వేషం వేసినోడు కూడా జనానికి వీపు చూపించగూడదు. గురువు నేర్పే మొదటి మాట అదే. సాంబమూర్తిగారు జనం కేసి చూశాడు, గుమ్మం కేసి చూశాడు. రెండు చేతులెత్తి జనానికి దణ్ణం పెట్టి, తిరిగాడు.

"పరువు తీశాడు! తెర దించరా పిచ్చయ్యా, దించు!" అని పక్కనించి షావుకారు అరిచాడు. పిచ్చయ్య తాడు వదల్లా. షావుకారు వచ్చి వాడి చెయ్యి గుంజాడు. బస్తాలు మోసిన చెయ్యి అది, కదిలిద్దా? నోటితో చెప్పలేనిదంతా ఆ తాడు పట్టుకుని చెప్పాడు.

"వీపు చూట్టానికా మేం వచ్చింది?" అని ఎవరో అన్నారు. నవ్వారు. సాంబమూర్తిగారు గాలి నిండా పీల్చుకుని పద్యం ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాక ఎవరూ నవ్వలేదు. ఆ గాలి కారాన్నంతా ముందు గుమ్మాల్లోంచి బజార్లోకి తోసుకుపోయింది, గొంతు మబ్బు వీడినట్టు వీడింది. చివర రాగం తీసి ఆపాడు. అప్పుడు గుమ్మంలోంచి ముత్యాలు, "మళ్ళీ! మళ్ళీ పాడయ్యా!" అంది. ముప్పై గొంతులూ అందుకున్నయ్యి.

రెండోసారి పాడి ఇటు తిరిగాడు. ఇంక ఆ పూట హాలు ఆయన మాట విన్నది. సోమవారం వచ్చింది, పోయింది. బస్తాలు రాలేదు. తమ్ముళ్ళు ఆ తరవాత నాటకానికి ముందు వరస కుర్చీల కోసం అన్నతో పోట్లాడారు.

దిగొచ్చిన సాంబమూర్తిగారికి ముత్యాలు నడుముకి కట్టుకున్న గుడ్డలోంచి పటికబెల్లం ముక్క తీసి ఇచ్చింది. ఆయన అది బుగ్గన పెట్టుకుని, "షావుకారుగారూ, ఈ స్టేజీ ఎవరెక్కినా ముందు ఆ తలుపుకి పాడాలి. మొదటి 'మళ్ళీ' వాళ్ళది" అన్నాడు. అది కట్టడి అయిపోయింది. షావుకారు ఆ కొక్కేన్ని స్వయంగా గోడకి తగిలించాడు.

ఆ శ్రావణంలో పిచ్చయ్యకీ ముత్యాలుకీ పెళ్ళయింది. యాభై రెండేళ్ళు, ఆయన తాడు దగ్గర, ఆమె తలుపు దగ్గర. మొదటి పద్యం అయిందాకా ఆయన తాడు మేకుకి చుట్టేవాడు కాదు, చేత్తోనే పట్టుకునేవాడు. కాయల పని శీతల గిడ్డంగులకి పోయింది, సందులో ఒక టీకొట్టు మిగిలింది. అయినా ముత్యాలు పీట వేసుకుని ఒక్కతే కూచునేది. ఇంటికి పోతా పోతా మొగుణ్ణి ఆటపట్టించేది. "జనానికేమో వీపు, నీకేమో చెవి. ఆ పద్యం పాడేటప్పుడు మొహం ఎట్టా ఉంటదో చూసేది నేనొక్కదాన్నే తాడాయనా. నీకు చెప్పినా తెలవదు."

"చెప్పరాదూ మరి" అనేవాడాయన. "చూడాల్సిందే" అనేది. తాడు వదిలి ఆయన రాలేడు, ఆ సంగతి ఆమెకి తెలుసు.

పోయిన మాఘమాసంలో ముత్యాలు పోయింది. నాలుగు రోజులు జ్వరం, అంతే.

ఉగాదికి కుసుమ అనే పిల్ల కచేరీ పెట్టారు. పిచ్చయ్య వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు, తాడు లాగాడు. ఆ పిల్ల కొక్కేనికీ జనానికీ దణ్ణం పెట్టి, తిరిగి, తలుపుకి పాడింది. అయిపోయింది. నిలబడింది. సందులోంచి కేక లేదు. ఎవరు కేకెయ్యాలో ఎవరూ ముందు అనుకోలేదు. అలవాటు చొప్పున అంతా ఆ గొంతు కోసం చూశారు. ఆ పిల్ల తిరగదు, జనం పలకరు. నిమిషం గడిచింది. ఇంక యాభై రెండేళ్ళ కట్టడి అక్కడితో తెగిపోయేట్టుంది.

షావుకారు మనవడు శేషు పక్కనే ఉన్నాడు. పిచ్చయ్య వాడి కేసి చూసి, "బాబూ, ఇది పట్టుకో. దించబాక" అన్నాడు. ఆ పిల్లాడు తాడందుకున్నాడు. వాళ్ళ తాత దించమన్న తాడది.

పిచ్చయ్య స్టేజీ మీదికొచ్చాడు. అంత జనం ముందు, జనానికి వీపు పెట్టి, మెల్లిగా నడుచుకుంటా కుసుమ పక్కనించి గుమ్మం దాటి సందులోకి దిగాడు. ముత్యాలు పీట గోడకి ఆనించి ఉంది. దాని పక్కన నిలబడి ఇటు తిరిగాడు.

ఆ పిల్ల మొహం కనపడింది. కళ్ళు సగం మూసి, గాలికి చెంపలు ఎత్తి, ఇంకా ఆ పద్యంలోనే ఉంది. పేరు లేదు, ఊరు లేదు, ఎవరు చూస్తన్నారో అన్న ఇదే లేదు. అమ్మ పిలిస్తే ఆట మధ్యలో తల తిప్పిన పిల్ల మొహం. ఇదా! యాభై రెండేళ్ళు ముత్యాలు చూసుకుంది ఇదా! చెప్పకపోవటం ఆమె తప్పు కాదు. చెబితే తెలిసేది కాదు.

జన్మలో పదిమంది ముందు పెగలని నోరు, పెగిలింది.

"మళ్ళీ" అన్నాడు. వినపడలేదేమోనని గట్టిగా, "మళ్ళీ పాడమ్మా!" అన్నాడు.

పాడింది.

ఇప్పుడు కూడా ప్రతి ఆటకీ పిచ్చయ్యే సందులో పీట మీద కూచుంటాడు, తాడు శేషు పట్టుకుంటాడు. గొంతు పోయిన పాటగాళ్ళు, మాట ఆలీసమైన పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు వచ్చి, ఆ గుమ్మం గాలికి మొహమిచ్చి నిలబడి, పిచ్చయ్య చేత్తో పటికబెల్లం ముక్క తీసుకుని పోతారు. మాటొచ్చిద్ది, గొంతు తేరుకునిద్ది. నమ్మకం ఉన్నోళ్ళకి తొందరగా, లేనోళ్ళకి కాస్త మెల్లిగా. పదిమంది ముందు నోరు పెగలనోళ్ళు కూడా రావచ్చు.

మీరొచ్చినప్పుడు ముందువైపు టికెట్టు తీసుకోండి, కుర్చీలో జేబురుమాలు వేసుకోండి. మొదటి పద్యానికి మటుకు లేచి సందులోకి రండి. అక్కడ టికెట్టు లేదు. వీపులు ఎప్పుడైనా చూడొచ్చు.