గణితసింహం నోటి మాట

గుండ్లసీమ రాజు వీరమల్లభూపతికి ఒక రోజు పొద్దున్నే కోటలోని బడి మూసేయాలనిపించింది.

కారణం చిలకలు. బడి కిటికీకి వేలాడే పంజరంలోని రెండు చిలకలు రెండో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పాయి. బడిలోని ఇరవై మంది పిల్లలు అప్పజెప్పలేకపోయారు.

"గది చిలకలకే ఇచ్చేద్దాం. పిల్లల్ని గడ్డి కోతకు పంపండి," అన్నాడు రాజు.

బడి అయ్యవారు భావనారాయణ శాస్త్రికి 'గణితసింహం' అని బిరుదు. ఆయనేమీ బాధపడలేదు.

"మంచి నిర్ణయం ప్రభూ. నా లెక్కలు పట్టేంత బుర్రలు కావు వీళ్లవి. రెండేళ్లలో నలభై బెత్తాలు విరిగాయి."

రాణిగారి ఆటల పెట్టె చూసుకునే గురవమ్మ ఈ మాటలు విన్నది. గడ్డి కోతకు పోయిన పిల్ల మళ్లీ బడి గడప తొక్కదని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తనూ అలా పోయిందే.

"ప్రభూ, ఒక్క నెల ఇప్పించండి. వీళ్లకు లెక్కలు నేను నేర్పుతాను," అంది.

"దేంతో?"

"వామనగుంటలతో."

శాస్త్రి పెద్దగా నవ్వాడు. "చింతగింజల ఆటతోనా! నేతిబీరకాయలో ఎంత నెయ్యి ఉంటుందో, ఆ ఆటలో అంత గణితం ఉంటుంది ప్రభూ."

రాజుకు సరదా పుట్టింది. "సరే, నెల ఇచ్చాను. కానీ పిల్లలకు లెక్క వచ్చిందని శాస్త్రిగారి నోటి నుంచే వినాలి. లేదంటే గది చిలకలదే."

శాస్త్రి నిశ్చింతగా ఉత్తరీయం సర్దుకున్నాడు. తన నోరు తన అదుపులోనే ఉంటుందని ఆయన నమ్మకం.

మర్నాటి నుంచి బడిలో బెత్తం లేదు. పది చెక్క పలకలు, పలకకు పద్నాలుగేసి గుంటలు, గుంటకు ఐదేసి చింతగింజలు. గురవమ్మ ఒక్క నియమం పెట్టింది. గింజలు తీసి పంచకముందే, చివరి గింజ ఏ గుంటలో పడుతుందో చెప్పాలి. సరిగ్గా చెప్పినవాడికి హోదా పెరుగుతుంది: బంటు నుంచి రౌతు, రౌతు నుంచి దళవాయి. తప్పు చెప్పినవాడికి దెబ్బలు లేవు. మళ్లీ ఆడాలి, అంతే.

మూడో వారానికల్లా పిల్లలు అన్నానికి పిలిచినా కదలడం మానేశారు.

నెల నిండింది. సభ కూడింది. శాస్త్రి ఒక కఠినమైన సంస్కృత శ్లోకంలో లెక్క అడిగాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు.

"రాలేదు ప్రభూ," అన్నాడు శాస్త్రి తృప్తిగా.

"లెక్కా, శ్లోకమా?" అని గొణిగి, గురవమ్మ పలక తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఆటలో లెక్క లేదన్నారుగా శాస్త్రిగారూ. గుర్రపుశాల ఎంకన్న కూతురు పోలి, ఎనిమిదేళ్ల పిల్ల. దాంతో ఒక్క ఆట ఆడి చూపించండి."

గణితసింహం కాదనలేకపోయింది.

మొదటి ఆట పోలి గెలిచింది. "అదృష్టం," అన్నాడు శాస్త్రి.

రెండో ఆటా పోలిదే. "పలక వంకర," అన్నాడు. పలక మార్చారు.

మూడో ఆటలో ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడే ఒక సంగతి గమనించాడు.

"ఆగు! ఏమిటే ఆ గొణుగుడు?"

పోలి భయపడలేదు. "ఈ గుంటలో తొమ్మిది ఉన్నాయి అయ్యవారూ. పంచుకుంటూ పోతే తొమ్మిదోది అదిగో, అక్కడ పడుతుంది. దాని పక్క గుంట ఖాళీ. ఆ తర్వాతి గుంటలో పదకొండు. అవన్నీ నావే. అప్పుడు మీకు నాలుగే మిగుల్తాయి."

శాస్త్రి పీట మీంచి ఎగిరి లేచాడు.

"మోసం ప్రభూ! ఘోరమైన మోసం! ఈ పిల్ల ఆడటం లేదు, లెక్క వేస్తోంది! ఒక్క గింజ తప్పిపోకుండా లెక్క వేస్తోంది!"

గురవమ్మ వంగి దండం పెట్టింది.

"ఆలకించారా ప్రభూ? అయ్యవారి నోటి నుంచే."

ముందు రాజు నవ్వాడు. తర్వాత మంత్రి, భటులు, చివరికి విసనకర్ర వీచేవాడు కూడా నవ్వారు. రాజు తన చేతి బంగారు కడియం తీసి గురవమ్మకు ఇచ్చి, ఆ రోజు నుంచి ఆమెను బడిలో రెండో అయ్యవారిగా నియమించాడు.

శాస్త్రి మాత్రం నవ్వలేదు. ఆయన మళ్లీ పీట మీద కూర్చుని గింజలు సర్దుతున్నాడు.

"పోలీ," అన్నాడు మెల్లగా, "ఇంకొక్క ఆట."