కోసేసిన మూలలు

ఓబులేసుకు జలాల్ తాత అంటే ప్రాణం. జలాల్ తాతకు తన గురువు పెద్దతాత అంటే ప్రాణం. పెద్దతాత పోయాక వస్తున్న మొదటి ఉరుసుకు ఆయన మీద ఒక వెబ్ పేజీ చేసి, దర్గా ముందు హాల్లో టీవీ మీద పెట్టాలని ఓబులేసు పట్టుబట్టాడు. ఆ పని చేతనైనవాడు అక్కడ అతనొక్కడే. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

పేజీ అంతా ఒక్క తెరలో కనబడాలి. ముసలివాళ్లు చదువుతారు కాబట్టి అక్షరాలు చిన్నవి చేయకూడదు. ఎడమపక్క పెద్దతాత ఫోటో, పక్కనే శిష్యులు రాసిచ్చిన మాటలు. అందరివీ పట్టాయి. చివర వంట చూసుకునే మాబున్ని రాసినవి మాత్రం పట్టలేదు. తాను దర్గాలో మొదటిసారి అడుగుపెట్టిన రోజు గురించి ఆమె నాలుగు ముక్కలు రాసింది. ఆయన గురించి ఆమె రాసుకున్నది అంతే.

"అక్కా, నీవి ఎక్కువైనాయి. తీసేయాల్సి వస్తాది," అన్నాడు ఓబులేసు, తెర మీంచి తల ఎత్తకుండా.

"నీ ఇష్టం నాయనా," అంది మాబున్ని.

రోజూ అతని కోసం గిన్నె అడుగున మాడు దాచిపెట్టే మనిషి, ఆ మాటతో లోపలికి వెళ్లిపోయింది. ఓబులేసుకు అదేమీ పట్టలేదు. తాత చేత ఊ అనిపించుకుంటే చాలని లాప్‌టాప్ తీసుకుని బయల్దేరాడు.

జలాల్ తాత కళ్లద్దాలు తుడుచుకుని తెర చూశాడు. గురువు ముఖం కనబడగానే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"గుండ్రంగా బాగుండాడు," అన్నాడు.

"చదరం ఫోటో తాతా. పేజీ ఎట్లా కనబడాల్నో చెప్పే స్టైల్ షీట్‌లో ఒక్క వరస రాసి మూలలు కోసేసినా."

తాత వేలు వృత్తం పక్కన పైమూలకు పోయింది. అక్కడ ఖాళీ ఉంది. కింది మూలలోనూ అంతే.

"ఈడేముంది?"

"ఏం లేదు తాతా. కోసేసినా కదా."

"మరి మాటలు ఆ ఖాళీలోకి రాలేదే?"

ఓబులేసు బుర్ర గోక్కున్నాడు. "ఫోటో ఇంకా చదరంగానే ఉండాదనుకుని మాటలు ఆడే ఆగిపోతాండాయి. అందుకే మాబున్నక్కవి తీసేద్దామని..."

తాత నవ్వాడు. "ఆకలైతాంది, పద," అన్నాడు.

దర్గాలో అందరూ నేల మీద పరిచిన పెద్ద గుడ్డ చుట్టూ కూర్చుని తింటారు. వండినవాళ్లు కూడా వడ్డించేసి అందరితో పాటే కూర్చోవాలి. అది పెద్దతాత పెట్టిన పద్ధతి. ఓబులేసు లాప్‌టాప్ సంచిని పక్కనే పెట్టుకుని, కాలు బారచాపి కూర్చున్నాడు. ఆ సంచిని ఎవరినీ ముట్టుకోనివ్వడు.

మాబున్ని వడ్డన ముగించి చుట్టూ చూసింది. ఎక్కడా సందు లేదు.

"నేను తర్వాత తింటాలే," అని వెనక్కి తిరిగింది.

జలాల్ తాత లేచాడు. తన చోటు ఆమెకు ఇస్తాడేమో అనుకున్నారు అందరూ. ఆయన నేరుగా ఓబులేసు దగ్గరికి వచ్చి, సంచి తీసి తన భుజానికి తగిలించుకుని, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. భుజాన సంచితోనే అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

ఓబులేసుకు ప్రాణం చివుక్కుమంది. "ఇట్లియ్యి తాతా. బరువు."

"బరువేం లేదు నాయనా. చోటే ఎక్కువ పట్టింది."

ఓబులేసు కాలు ముడుచుకున్నాడు. మాబున్ని వచ్చి అతని పక్కన కూర్చుంది. కూర్చోగానే, అలవాటు కొద్దీ, తన కంచంలోని మాడు ముక్క తుంచి అతని కంచంలో వేసింది. ఓబులేసు ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

గబగబా తిని, చెయ్యి కడుక్కుని, తాత భుజాన ఉన్న సంచి అడిగి తీసుకున్నాడు. లాప్‌టాప్ తెరిచి, ఫోటోను కోసిన వరస కింద ఇంకొక వరస రాశాడు. ఎప్పుడో నేర్చుకున్నదే, ఇన్నాళ్లూ అవసరం అనిపించలేదు. చుట్టూ ఉన్న మాటలను వృత్తం అంచు దాకా రానివ్వమని చెప్పే వరస అది. మాటలు ఒక్కసారిగా జరిగి, ఖాళీ మూలల్లోకి వంపు తిరుగుతూ వచ్చి, పెద్దతాత చెంపను ఆనుకుని నిలిచాయి. అడుగున చోటు మిగిలింది. అందులో మాబున్ని మాటలు పెట్టాడు.

"అక్కా, ఒకసారి రా," అన్నాడు.

మాబున్ని తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. తెర మీద తన మాటలు తానే మెల్లగా, పైకి చదువుకుంది.

"నేను వచ్చేసరికి అందరూ తింటా ఉండారు. ఎవరు నువ్వని పెద్దతాత అడగలేదు. ఆకలిగా ఉందా అనీ అడగలేదు. కొంచెం పక్కకు జరిగినాడు."