సూరవ్వ మడత

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక పాత బంగళా. బంగళాలో గోడకు క్యాలెండరు వేలాడుతూ ఉండేది. నెల కాగానే ఎవరో ఆ కాగితం చించి కిటికీలోంచి పారేసేవారు. గాలి దాన్ని ఎత్తుకొచ్చి అడవిలో పడేసేది. ఒకవైపు పెద్ద పెద్ద అంకెలు, రెండోవైపు తెల్లగా, మంచి గట్టి కాగితం. జింకలు నమిలి చూసి ఉమ్మేసేవి. కోతులు పీలికలు చేసేవి. ఒక్క సూరవ్వ మాత్రం దాన్ని ఏరి, దుమ్ము దులిపి, కళ్లకద్దుకుని దాచుకునేది.

సూరవ్వ ఒక ముసలి కొండముచ్చు. ఎప్పుడో వేటగాడి ఉచ్చులో పడి కుడిచేతి బొటనవేలు పోగొట్టుకుంది. అడవి అంచున ఒంటరిగా ఉండేది. అటువైపు ఎవరూ పోయేవారు కాదు. పొద్దుపోక కాగితాలు మడిచి బొమ్మలు చేసుకునేది. కుక్క ముఖం, పిల్లి ముఖం, పడవ. వచ్చినవి మూడే, కానీ మూడూ ముద్దొచ్చేవి.

ఒకరోజు తుర్రి అనే ఉడుత పిల్ల దారి తప్పి అటు వచ్చింది. అవ్వ చేతిలో కుక్క ముఖం చూసి, ముందు భయపడి చెట్టెక్కింది. తర్వాత అది కాగితమని తెలిసి కిందికి దిగింది.

"అవ్వా, అవ్వా, నాకూ నేర్పవా?" అంది.

"నేర్పుతాను. నిలకడగా కూర్చోగలవా?" అంది సూరవ్వ.

ఉడుత నిలకడగా కూర్చోవడమేమిటి అని నవ్వకండి. తుర్రి నిజంగానే కూర్చుంది. తోక కూడా కదల్లేదు.

అవ్వ నాలుగు పక్కలూ సమానంగా ఉన్న కాగితం తీసుకుంది. ముందు ఒక మూల చిటికెడంత మడిచింది. ఆ తర్వాత మూలకు మూల కలిపి కాగితాన్ని ముక్కోణం చేసింది. ముక్కోణం కొన కిందికి తిప్పింది. పైనున్న రెండు కొసలనూ కిందికి వంచింది. అవి చెవులయ్యాయి. కింది కొన కాస్త పైకి మడిస్తే మూతి అయింది. బొగ్గుతో రెండు కళ్లు పెట్టింది. చివరికి మొదట మడిచిన ఆ చిటికెడు మూల విప్పేసింది.

"చెవులు కిందికి వాలితే కుక్క. పైకి నిలబడితే పిల్లి. అంతే!" అంది.

అవ్వ ఎలా చేస్తే తుర్రి అచ్చం అలాగే చేసింది. మొదటి రోజు కుక్క వంకరగా వచ్చింది. రెండో రోజు ఒక చెవి పొడుగైంది. మూడో రోజు కుదిరింది. పడవకు మాత్రం పది రోజులు పట్టింది. (నాకైతే ఇప్పటికీ రెండోసారికి గానీ కుదరదు.) అవ్వ ఒక్కనాడూ విసుక్కోలేదు. తప్పు మడత వేస్తే విప్పి, గోటితో సాపు చేసి, "మళ్లీ చెయ్యి తల్లీ" అనేది.

ఇంతలో వానాకాలం దగ్గర పడింది. ఆ అడవిలో ఒక మంచి పద్ధతి ఉండేది. పిల్లలకు ఏదైనా విద్య నేర్పినవాళ్లకు వానలు తగ్గేదాకా కొండగుహలో పొడిగా చోటు ఇచ్చి, కడుపునిండా పళ్లూ గింజలూ పెట్టేవారు. పొద్దంతా పిల్లలతోనే గడిపినవాళ్లకు దాచుకునే తీరిక ఎక్కడిది, చెప్పండి! ఆ వాటాలు పంచేది ఏనుగు పెద్దమ్మ.

ఆ రోజు అందరూ సెలయేటి ఒడ్డున చేరారు. ఈత నేర్పిన తాబేలు తాతకు వాటా ఇచ్చారు. చెట్టెక్కడం నేర్పిన ఎలుగు మామకు ఇచ్చారు. అప్పుడు తుర్రి ముందుకొచ్చి తన బొమ్మలు చూపించింది. కుక్క ముఖం చూసి కుందేళ్లు పరుగు తీశాయి. పిల్లి ముఖం చూసి ఎలుకలు కలుగుల్లో దూరాయి. పడవ నీళ్లలో తేలగానే అడవంతా చప్పట్లు కొట్టింది.

"బంగారుతల్లీ! ఇది నీకు ఎవరు నేర్పారే?" అని అడిగింది ఏనుగు పెద్దమ్మ.

అందరి కళ్లూ తుర్రి మీదే. వెనకాల, చెట్టు చాటున సూరవ్వ కూడా కర్ర ఊతంగా పట్టుకుని నిలబడి ఉంది. తుర్రికి ఆ చప్పట్లు తలకెక్కాయి.

"ఎవరూ నేర్పలేదు పెద్దమ్మా. నా అంతట నాకే వచ్చింది!" అంది.

"అబ్బో! అయితే ఇక నువ్వే పిల్లలకు నేర్పు. ఈ వాటా నీదే" అంది పెద్దమ్మ.

ఆ వాటా ఎవరిదో తుర్రికి తెలుసు. వెనక్కి చూసింది. సూరవ్వ కర్ర పట్టుకుని మెల్లగా వెళ్లిపోయింది. 'రేపు చెప్పేస్తాను' అనుకుంది తుర్రి. రేపు వాన మొదలైంది. ఎల్లుండి ఇంకా పెద్ద వాన. చెప్పడం కుదరనే లేదు. కుదరక కాదు, ధైర్యం చాలలేదు.

గుహలో తుర్రి పిల్లలను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"ముందు ఈ మూల చిటికెడంత మడవండి" అంది.

"ఎందుకక్కా?" అని అడిగింది కుందేలు పిల్ల.

"ఎందుకేమిటి? అలాగే మడవాలి."

"చివర విప్పేసేదానికి మడవడం ఎందుకక్కా?" అని అడిగింది జింక పిల్ల.

"అదంతే. నోరు మూసుకుని మడువు."

ముంగిస పిల్ల అడగనే లేదు. అది మొండిఘటం. ఆ మూల వదిలేసి మిగతావన్నీ మడిచింది. "అక్కా, చూడు!" అని పైకెత్తింది. కుక్క ముఖం చక్కగా వచ్చింది. ఏ లోటూ లేదు.

తుర్రి తెల్లబోయింది. తనూ ఒక కాగితం తీసుకుని ఆ మూల మడవకుండా చేసి చూసింది. వచ్చింది. మరి అవ్వ ప్రతిసారీ ఎందుకు మడిచేది? కళ్లు మూసుకుని అవ్వ చేతిని తలుచుకుంది. బొటనవేలు లేని చేయి. పట్టు చిక్కక జారిపోయే కాగితం. అవ్వ ఆ మూల మడిచి, ఆ మడతను కాలివేలితో తొక్కి పట్టుకుని, అప్పుడు మిగతా కాగితం వంచేది. ఎదురుగా కూర్చుని రోజూ చూసినా తుర్రికి ఆ కాలి సంగతి ఎప్పుడూ పట్టలేదు.

'అంత కష్టపడి నాకు నేర్పిందా!' అనుకోగానే దాని కళ్లనిండా నీళ్లొచ్చాయి. నోట్లో ఉన్న పండు ముక్క మింగుడు పడలేదు. అది అవ్వ తినాల్సిన పండు.

తుర్రి జోరువానలో పరుగెత్తింది. సూరవ్వ ఒక బండ కింద ముడుచుకుని దగ్గుతోంది. ఒళ్లంతా తడిసి ముద్దయింది. కాగితాలను మాత్రం పొట్టకు అదుముకుని పొడిగా ఉంచుకుంది.

"అయ్యో, తడిసిపోయావే! ఇలా లోపలికి రా" అంది అవ్వ.

"అవ్వా, ఆ మూల మడత నీ వేలు లేకనే కదూ?"

"అవునే. నీకు అన్ని వేళ్లూ ఉన్నాయి కదా, నువ్వెందుకు మడుస్తున్నావా అని లోలోపల నవ్వుకునేదాన్ని."

"మరి నాకు చెప్పలేదేం?"

"నేను చేసే ప్రతి పనీ అంత శ్రద్ధగా చూసేవాళ్లు నాకెవరున్నారే? ఆ సంతోషంలో చెప్పబుద్ధి కాలేదు."

తుర్రి అవ్వ కాళ్లు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "తప్పు చేశానవ్వా. నీ పేరు చెప్పలేదు. నీ తిండి తిన్నాను. నాతో గుహకు రా. అందరిముందూ చెబుతాను" అంది.

"ఇప్పుడెందుకులే తల్లీ, నిన్ను చిన్నచూపు చూస్తారు" అంది అవ్వ.

"చూడనీ" అంది తుర్రి.

ఇద్దరూ గుహకు వచ్చారు. తుర్రి ఒక రాయి ఎక్కి గట్టిగా చెప్పింది. "ఈ బొమ్మలు నాకు నేర్పింది సూరవ్వ. ఎవరూ నేర్పలేదని అబద్ధం చెప్పాను. ఈ వాటా అవ్వది. నాకు వద్దు."

గుహంతా గుసగుసలు. ఏనుగు పెద్దమ్మకు కోపం వచ్చింది. "నీ మాట ఇక ఎవరు నమ్ముతారే?" అని గద్దించింది. తుర్రి తల దించుకుంది కానీ రాయి దిగలేదు.

పెద్దమ్మ అవ్వ వైపు తిరిగింది. "నువ్వైనా ఆ రోజే చెప్పొద్దూ?"

"పదిమందిలో పసిదాన్ని అబద్ధాలకోరు అనిపించలేకపోయాను" అంది సూరవ్వ. "అయినా, నాకూ ఒక బాకీ ఉంది పెద్దమ్మా. ఒకప్పుడు బంగళా కాపలావాడి కూతురు వాళ్ల ఇంటి మెట్ల మీద కూర్చుని బొమ్మలు మడిచేది. నేను చింతకొమ్మ మీద కూర్చుని చూసి నేర్చుకున్నాను. నేను చూస్తున్నట్టు ఆ పిల్లకు తెలియదు. ఒక్కసారి కిందికి దిగి, ఒక పండైనా ఆ మెట్ల మీద పెట్టి రావాల్సింది. రేపు పెడదాం, రేపు పెడదాం అనుకున్నాను. ఒకరోజు చూస్తే ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు."

అవ్వ తలెత్తి రాయి మీదున్న తుర్రిని చూసింది.

"నేను ముసలిదాన్నయినా చేయలేని పని ఈ పిల్ల ఇవాళ చేసింది. ఇక దాన్ని ఏమీ అనకండి" అంది అవ్వ.

పెద్దమ్మ గుహలో వెచ్చటి మూల చూపించి అవ్వను కూర్చోమంది. ముందర పళ్లు పెట్టించింది. తుర్రి నెమ్మదిగా రాయి దిగి, వానలోకి వెళ్లబోయింది.

"ఎక్కడికే?" అంది సూరవ్వ. పక్కకు జరిగి చోటిచ్చి, ఒక పండు తీసి దాని చేతిలో పెట్టింది.

నీతి: నేర్పినవాళ్ల పేరు పదిమందిలో చెప్పాలి, ఆ మాట రేపటికి వాయిదా వేయకూడదు.